శిశువుల గుండెలోకి క్యాథెటర్: ఒక వైద్య ప్రక్రియ, దాని ప్రమాదాల చరిత్ర

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలగాలి:

1. గుండె క్యాథెటరైజేషన్ ఎలా పుట్టిందో, పెద్దల నుంచి శిశువుల దాకా ఎలా చేరిందో వివరించడం.
2. పెద్దలకంటే శిశువుల్లో ఈ ప్రక్రియ ఎందుకు ఎక్కువ ప్రమాదకరమో కారణాలతో చెప్పడం.
3. వేర్వేరు కాలాల్లో నమోదైన ప్రమాదపు అంకెలను పోల్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించడం.

1. ప్రస్తావన

వైద్య చరిత్రను సాధారణంగా విజయాల చరిత్రగా రాస్తారు. ఫలానా సంవత్సరంలో ఫలానా వైద్యుడు ఒక పద్ధతి కనిపెట్టాడు, దానితో ఎందరో బతికారు అన్నట్టుగా ఆ కథనం సాగుతుంది. అది అబద్ధం కాదు, కాని సగం చరిత్ర మాత్రమే. ప్రతి కొత్త చికిత్స వెనుక మరో చరిత్ర కూడా ఉంటుంది. దానివల్ల ఎవరికి హాని జరిగింది, ఆ హానిని ఎవరు గమనించారు, ఎవరు లెక్క రాశారు, ఆ లెక్క తరవాత వచ్చినవారికి ఎలా ఉపయోగపడింది అన్నదే ఆ రెండో చరిత్ర. ఈ పాఠంలో మనం చదివేది దాన్నే.

ఇందుకు గుండె క్యాథెటరైజేషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అందులోనూ పసిపిల్లల్లో జరిగే ప్రక్రియపైనే దృష్టి పెడదాం. ఆపరేషన్ గది బయట నిలబడి సంతకం పెట్టబోయే తల్లి, "డాక్టరు గారూ, బిడ్డకేం కాదు కదా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు వైద్యుడు ఈ రోజు ఒక అంకె చెప్పగలుగుతున్నాడు. 1945లో చెప్పగలిగేవాడు కాదు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకుని ముందుకు వెళ్దాం.

2. ప్రక్రియ స్వరూపం: పసివారి విషయం ఎందుకు వేరు?

క్యాథెటర్ అంటే సన్నని, మెత్తని, పొడవైన గొట్టం. దాన్ని గజ్జల్లోనో, చేతిలోనో, మెడలోనో ఉన్న రక్తనాళం ద్వారా లోపలికి పంపి, ఎక్స్-రే తెర మీద చూసుకుంటూ గుండె గదుల వరకు చేరుస్తారు. అక్కడ రక్తపీడనం కొలుస్తారు, రక్తం నమూనాలు తీసి ఆక్సిజన్ ఎంత ఉందో చూస్తారు, ఎక్స్-రేలో కనిపించే మందును లోపలికి ఎక్కించి గుండె లోపలి ఆకృతిని చిత్రిస్తారు. ఈ పనుల వల్ల గుండెలో రంధ్రం ఉందా, కవాటం మూసుకుపోయిందా, నాళాలు తారుమారుగా ఉన్నాయా అన్నది తెలుస్తుంది. ఇది రోగనిర్ధారణ. అదే గొట్టం చివర బెలూన్‌ను గాని, రంధ్రం మూసే పరికరాన్ని గాని అమర్చి పంపితే అది చికిత్స అవుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. పాఠం చివరి భాగంలో ఇది కీలకమవుతుంది.

శిశువు అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. ఒక లెక్క చూడండి. నవజాత శిశువు శరీరంలో కిలో బరువుకు సుమారు 80 నుంచి 85 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే మూడు కిలోల బిడ్డలో ఉన్న మొత్తం రక్తం ఒక గ్లాసు నీళ్లంత, దాదాపు 250 మిల్లీలీటర్లు. పరీక్షల కోసం, గొట్టాలు మార్చేటప్పుడు 25 మిల్లీలీటర్లు పోయినా బిడ్డ రక్తంలో పదో వంతు పోయినట్టే. పెద్దవారికి అదే 25 మిల్లీలీటర్లు లెక్కలోకి రావు.

రక్తనాళాల సంగతీ అంతే. పుట్టిన బిడ్డ తొడ ధమని వ్యాసం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. క్యాథెటర్ల మందాన్ని ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. అయిదు ఫ్రెంచ్ గొట్టం పెద్దవారికి చాలా సన్నది. శిశువు ధమనిలో మాత్రం అది దారినంతా ఆక్రమించేస్తుంది. అప్పుడు నాళం బిగుసుకుపోవచ్చు, లోపల రక్తం గడ్డకట్టవచ్చు, కాలికి రక్తం అందకపోవచ్చు. గుండె గోడ పలచగా ఉంటుంది కాబట్టి గొట్టం మొన తగిలి చిల్లు పడే అవకాశం ఉంది. గొట్టం తాకినందుకే గుండె లయ తప్పవచ్చు. చల్లని గదిలో బట్టలు తీసి పడుకోబెడితే బిడ్డ ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. పైగా ఈ ప్రక్రియకు వచ్చే శిశువులు అప్పటికే జబ్బుతో ఉన్నవారు. ఈ కారణాలన్నీ కలిసి ప్రమాదాన్ని పెంచుతాయి.

3. తొలి అడుగులు: 1844 నుంచి 1945 వరకు

ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1844లో ఒక గుర్రం మెడలోని రక్తనాళాల ద్వారా గుండె గదుల్లోకి ఉష్ణమాపకాన్ని పంపి, కుడి ఎడమల రక్తపు ఉష్ణోగ్రతను కొలిచాడు. ఆ తరవాత చాలా కాలం ఇది జంతువుల మీద జరిగే ప్రయోగంగానే మిగిలింది. బతికున్న మనిషి గుండెలోకి గొట్టం పంపితే ప్రాణం పోతుందన్నది ఆనాటి వైద్యుల గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని పరీక్షించినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో అతడు జర్మనీలోని ఎబెర్స్‌వాల్డ్ పట్టణపు ఆసుపత్రిలో పనిచేస్తున్న పాతికేళ్ల యువ వైద్యుడు. ప్రమాద సమయాల్లో మందును నేరుగా గుండెకు చేర్చే మార్గం కోసం వెదుకుతూ, మూత్రనాళానికి వాడే 65 సెంటీమీటర్ల గొట్టాన్ని తన ఎడమ చేతి సిరలోకి ఎక్కించుకున్నాడు. అలాగే నడిచి ఎక్స్-రే గదికి వెళ్లి, గొట్టం గుండెలో ఉన్నట్టు చిత్రం తీయించుకున్నాడు. పై అధికారుల అనుమతి అతనికి లేదు. ఆ ఏడాది చివర దాన్ని ప్రచురించినప్పుడు మెప్పుకంటే విమర్శే ఎక్కువ వచ్చింది. చివరకు అతడు మూత్రకోశ వ్యాధుల వైద్యుడిగా స్థిరపడ్డాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఫోర్స్‌మన్ ప్రమాదాన్ని తన ఒంటి మీదికే తెచ్చుకున్నాడు. ఫలితం అనుభవించవలసింది అతడే, నిర్ణయమూ అతడిదే. శిశువుల విషయానికి వచ్చేసరికి ఈ రెండూ విడిపోతాయి. ప్రమాదం బిడ్డది, నిర్ణయం ఇతరులది. ఈ పాఠంలోని నైతిక సమస్య అంతా ఇక్కడే మొదలవుతుంది.

న్యూయార్క్‌లోని బెల్వ్యూ ఆసుపత్రిలో ఆంద్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ 1940వ దశకం మొదట్లో ఈ పద్ధతిని క్రమబద్ధం చేశారు. కుడివైపు గుండెలోకి గొట్టం పంపి గంటల తరబడి ఉంచినా రోగి తట్టుకోగలడని చూపించారు. ఫోర్స్‌మన్‌తో పాటు ఈ ఇద్దరికీ 1956లో నోబెల్ బహుమతి లభించింది. 1945లో అట్లాంటా వైద్యులు కర్ణికల మధ్య గోడలో రంధ్రం ఉన్న రోగుల్లో క్యాథెటర్‌తో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల అధ్యయనానికి దారి తెరుచుకుంది.

4. నీలి శిశువులు: అవసరం ఎలా పుట్టింది?

ఒక పరీక్ష ప్రచారంలోకి రావాలంటే పరికరం ఒక్కటే చాలదు, దాని అవసరం కూడా ఉండాలి. చికిత్సే లేని రోగాన్ని ఖచ్చితంగా నిర్ధారించడం కోసం పసిబిడ్డను ప్రమాదంలోకి నెట్టడానికి న్యాయం లేదు. 1938 వరకు పుట్టుకతో వచ్చే గుండె లోపాల పరిస్థితి అదే.

ఆ ఏడాది ఆగస్టులో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఏడేళ్ల బాలికకు, పుట్టిన తరవాత మూసుకుపోవలసి ఉండీ మూసుకోని ఒక రక్తనాళాన్ని శస్త్రచికిత్సతో కట్టివేశాడు. 1944 నవంబరు 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ బ్లాలక్ ఒక నీలి శిశువుకు కొత్త ఆపరేషన్ చేశాడు. ఊపిరితిత్తులకు తగినంత రక్తం అందక పెదవులు, గోళ్లు నీలంగా మారే బిడ్డలకు మరో దారిలో రక్తాన్ని చేర్చడం దాని ఉద్దేశం. ఆలోచన శిశు హృద్రోగ నిపుణురాలు హెలెన్ టౌసిగ్‌ది. దాన్ని ప్రయోగశాలలో సాధ్యం చేసి చూపినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతి సాంకేతిక సహాయకుడు. అతని పాత్రకు గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది.

టౌసిగ్‌కు వినికిడి లోపం ఉండేది. పిల్లల ఛాతీ మీద వేళ్లు ఆనించి గుండె శబ్దాలను స్పర్శతో గ్రహించేవారు. ఎక్స్-రే తెరను, పరిశీలనను ఆధారం చేసుకుని రోగనిర్ధారణ చేసేవారు. అయితే ఆపరేషన్ వార్త పాకిపోయి దేశదేశాల నుంచి పిల్లలు రావడం మొదలయ్యాక అంత మాత్రం చాలలేదు. ఏ బిడ్డకు ఈ ఆపరేషన్ పనికొస్తుంది, ఏ బిడ్డకు హాని చేస్తుంది అన్నది ముందే తేల్చాలి. అందుకే అదే ఆసుపత్రిలో రిచర్డ్ బింగ్ క్యాథెటర్ ప్రయోగశాలను నడిపించాడు.

హవానాలో అగుస్తిన్ కాస్తెయానోస్ 1937 నాటికే పిల్లల సిరల్లోకి ఎక్స్-రేలో కనిపించే మందు ఎక్కించి గుండె చిత్రాలు తీశాడు. ఈ రెండు పద్ధతులూ కలిశాక శిశు హృద్రోగ శాస్త్రం ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. ఆ నాటి పనితీరు మాత్రం కఠినమైనది. చర్మం కోసి, రక్తనాళాన్ని బయటికి తీసి, దానికి గంటు పెట్టి గొట్టం పంపేవారు. ఎక్స్-రే తెర మసకగా ఉండేది కాబట్టి చీకటి గదిలో పనిచేసేవారు. ఆ చీకటికి కళ్లు అలవాటు పడటానికి వైద్యులు ముందుగా ఎర్ర అద్దాలు పెట్టుకునేవారు. 1953లో స్టాక్‌హోమ్‌లో స్వెన్ సెల్డింగర్ కోత లేకుండా సూదితో పొడిచి, సన్నని తీగ మీదుగా గొట్టాన్ని జార్చే పద్ధతి కనిపెట్టాడు. కోత అవసరం క్రమంగా తగ్గింది. అయినా, పసివారి నాళం మరీ సన్నది కావడంతో ఈ పద్ధతి వారి దగ్గరికి చేరడానికి కాలం పట్టింది.

5. 1966: పరీక్ష చికిత్సగా మారిన సందర్భం

కొందరు శిశువులకు గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారుగా పుడతాయి. ఊపిరితిత్తులకు వెళ్లవలసిన రక్తం శరీరానికి, శరీరానికి వెళ్లవలసింది ఊపిరితిత్తులకు పోతూ రెండు వలయాలు విడివిడిగా తిరుగుతాయి. ఆ రెండూ ఎక్కడో ఒకచోట కలవకపోతే బిడ్డ బతకదు. చికిత్స లేని రోజుల్లో ఇలాంటి శిశువుల్లో పదింట తొమ్మిది మంది మొదటి పుట్టినరోజు చూసేవారు కాదు. కర్ణికల మధ్య గోడను తెరిచే శస్త్రచికిత్స 1950 నుంచి ఉన్నా, కొన ఊపిరితో ఉన్న బిడ్డ ఛాతీని కోయడం పెద్ద గండమే.

ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో విలియం రాష్‌కిండ్, విలియం మిల్లర్ 1966లో మరో మార్గాన్ని ప్రచురించారు. చివర బెలూన్ ఉన్న గొట్టాన్ని గజ్జల్లోని సిర ద్వారా కుడి కర్ణికకు, అక్కడి నుంచి నవజాత శిశువులో ఇంకా పూర్తిగా మూసుకోని సహజ రంధ్రం గుండా ఎడమ కర్ణికకు పంపారు. బెలూన్ ఉబ్బించి, ఒక్క ఊపుతో వెనక్కి లాగారు. గోడ చిరిగి దారి ఏర్పడింది, రెండు రక్తాలూ కలిశాయి. నీలంగా ఉన్న బిడ్డ రంగు మారింది.

వినడానికి ఇది భయం గొలిపే పని. శిశువు గుండెలోని గోడను కావాలని చింపడం అప్పటిదాకా ఎవరైనా ప్రమాదం అనే పిలిచేవారు. ఇక్కడ అదే చికిత్స అయింది. ఇందులోని పాఠాన్ని జాగ్రత్తగా పట్టుకోండి. ప్రమాదం ఎంత అన్న ప్రశ్న ఒంటరిగా నిలబడదు. దేనితో పోల్చి అన్న రెండో ప్రశ్న దాని పక్కన ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డతో పోల్చితే ఈ ప్రక్రియ ఘోరం. ఏమీ చేయకపోతే వారాల్లో పోయే బిడ్డతో పోల్చితే ఇది ఒక్కటే ఆశ.

6. 1968: లెక్కల పుస్తకం తెరుచుకుంది

ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రక్రియ నడిచినా, ప్రమాదం గురించిన సమాచారం చాలావరకు చెదురుమదురుగానే ఉండేది. ఒక్కో ఆసుపత్రి తన అనుభవాన్ని తాను చెప్పేది. మంచి ఫలితాలు త్వరగా అచ్చవుతాయి, చెడు ఫలితాలు అంత త్వరగా బయటికి రావు. ఇది ఒక్క వైద్యానికే పరిమితమైన లక్షణం కాదు. శాసనాల్లో రాజుల ఓటములు ఎందుకు కనిపించవో మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు.

ఈ లోటును తీర్చడానికి అమెరికాలో 16 ప్రయోగశాలలు కలిసి ఒక ఉమ్మడి అధ్యయనం చేశాయి. యూజీన్ బ్రౌన్‌వాల్డ్, జెరెమీ స్వాన్ సంపాదకత్వంలో అది 1968లో వెలువడింది. మొత్తం 12,367 ప్రక్రియలను పరిశీలించి, ప్రతి హానినీ రకాలవారీగా వర్గీకరించారు. అందులో నమోదైన మరణాలు 55, అంటే వెయ్యికి నాలుగు నుంచి అయిదు. అయితే సగటు దాచిపెట్టే నిజాన్ని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. పుట్టిన తొలి వారాల శిశువుల్లో మరణాల రేటు ఆ సగటుకు అనేక రెట్లు ఎక్కువ.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వెయ్యికి నాలుగున్నర అన్న అంకెను ఆనాటి వైద్యుడు పది రోజుల బిడ్డ తండ్రికి చెప్పి ఉంటే, అతడు అబద్ధం చెప్పినట్టా, నిజం చెప్పినట్టా? అంకె నిజమే, ఆ బిడ్డకు మాత్రం అది వర్తించదు. వయసు, బరువు, రోగ తీవ్రతలవారీగా విడదీసి చెప్పనంతవరకు సగటు ఎవరి పరిస్థితినీ చెప్పదు. ఆ తరవాతి కాలంలో శిశువుల లెక్కను విడిగా రాయడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య బృందం మూడేళ్లపాటు నవజాత శిశువులు, పసివారు, పిల్లలు అని వేరువేరుగా హానులను నమోదు చేసి 1974లో ప్రచురించింది.

7. కాలి నాడి: చిన్న హాని, పెద్ద పాఠం

మరణం అందరి కంటా పడుతుంది. చిన్న హాని ఎవరూ అడగకపోతే కనిపించకుండానే పోతుంది. ధమని గుండా గొట్టం పంపిన తరవాత చాలామంది పిల్లల్లో ఆ కాలి నాడి అందేది కాదు, పాదం చల్లబడేది. నాళంలో రక్తం గడ్డకట్టడం దీనికి ప్రధాన కారణం. కొందరిలో అది తగ్గిపోయేది. కొందరిలో నాళం శాశ్వతంగా మూసుకుపోయేది. నాళం మూసుకుపోయినవారిలో కాలు ఎదుగుదల మందగించి, రెండు కాళ్ల పొడవులో తేడా వచ్చే అవకాశం ఉంది. మళ్లీ ప్రక్రియ అవసరమైతే వాడుకోవడానికి దారి కూడా మిగలదు.

1974లో బోస్టన్‌కు చెందిన మైకేల్ ఫ్రీడ్, అతని సహచరులు ఒక పరీక్ష చేశారు. కొందరు పిల్లలకు ప్రక్రియ సమయంలో రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మందును కిలో బరువుకు 100 యూనిట్ల చొప్పున ఇచ్చారు, మిగిలినవారికి ఇవ్వలేదు. ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా ఫలితాలు చూశారు. మందు అందని పిల్లల్లో నూటికి సుమారు 40 మందికి ధమనిలో గడ్డ ఏర్పడింది, మందు అందినవారిలో నూటికి సుమారు ఎనిమిది మందికి మాత్రమే. అప్పటి నుంచి పిల్లల్లో ధమని ద్వారా చేసే ప్రక్రియలో హెపారిన్ వాడడం మామూలు పద్ధతి అయింది.

ఈ తగ్గుదలకు కొత్త యంత్రం అక్కర్లేకపోయింది. హెపారిన్ అప్పటికే అందరి దగ్గరా ఉన్న మందు. కొత్తగా జరిగిందల్లా, పాదం చల్లబడటాన్ని మామూలే అనుకుని వదిలేయకుండా, లెక్కపెట్టి పోల్చడం. హాని తగ్గడానికి మొదటి మెట్టు దాన్ని హానిగా రాసిపెట్టడమే అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

8. పరీక్ష తగ్గింది, చికిత్స పెరిగింది

1970వ దశకం మధ్యలో ప్రోస్టాగ్లాండిన్ మందు శిశు హృద్రోగ వైద్యంలోకి వచ్చింది. ఇది పుట్టిన బిడ్డలో మూసుకుపోబోయే నాళాన్ని తెరిచి ఉంచి రక్తప్రసరణను నిలబెడుతుంది. అంతకుముందు ఊపిరాడని బిడ్డను అర్ధరాత్రి హడావుడిగా ప్రక్రియకు తీసుకువెళ్లేవారు. ఇప్పుడు బిడ్డ కుదుటపడ్డాక తీసుకువెళ్లడం సాధ్యమైంది. అదే కాలంలో ఎకో పరీక్ష అభివృద్ధి చెందింది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్స్ మొదలుపెట్టిన ఈ ధ్వనితరంగాల పద్ధతి, 1980వ దశకానికి గుండె లోపాలను ఒంట్లోకి ఏ గొట్టమూ పంపకుండానే చూపగలిగే స్థాయికి వచ్చింది. చాలామంది శిశువులకు రోగనిర్ధారణ కోసం క్యాథెటర్ అవసరం తప్పింది. అన్నిటికంటే సురక్షితమైన ప్రక్రియ చేయనవసరం లేని ప్రక్రియే కదా.

అయితే ప్రమాదం మాయం కాలేదు, చోటు మారింది. 1982లో జాన్స్ హాప్కిన్స్‌లో జీన్ కాన్ బృందం బిగుసుకుపోయిన పుపుస ధమని కవాటాన్ని బెలూన్‌తో తెరిచిన పద్ధతిని ప్రచురించింది. ఆ తరవాత రంధ్రాలను మూసే పరికరాలు, నాళాలను తెరిచి ఉంచే స్టెంట్లు వచ్చాయి. ఛాతీ కోయకుండానే చికిత్స పూర్తి చేసి, కొద్ది రోజుల్లో ఇంటికి పంపడం వీలైంది. కాని చికిత్సలో గొట్టాలు లావు, సమయం ఎక్కువ, చేసే పని కష్టం. కవాటం చిరగవచ్చు, పరికరం జారిపోవచ్చు, నాళం పగలవచ్చు.

కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రి 1987 నుంచి 1993 వరకు జరిగిన 4,952 ప్రక్రియలను పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించింది. నూటికి 8.8 ప్రక్రియల్లో ఏదో ఒక హాని కనిపించింది. వాటిలో ఎక్కువ చిన్నవే. పెద్ద హానులు నూటికి సుమారు రెండు, మరణాలు మొత్తం ఏడు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించినవి రక్తనాళాలకు సంబంధించినవి. వయసు ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువని, పరీక్షకంటే చికిత్స ప్రక్రియల్లో ప్రమాదం ఎక్కువని కూడా తేలింది.

ఇప్పుడు మీకొక అభ్యాసం. 1968లో మరణాలు వెయ్యికి నాలుగున్నర, టొరంటో లెక్కలో వెయ్యికి ఒకటిన్నర కంటే తక్కువ. ప్రమాదం మూడో వంతుకు పడిపోయిందని రాయవచ్చా? తొందరపడకండి. మొదటి లెక్కలో పెద్దలూ ఉన్నారు, రెండోదాంట్లో పిల్లలే. మొదటిదాంట్లో ఎక్కువ భాగం పరీక్షలు, రెండోదాంట్లో చికిత్సలూ కలిశాయి. ఒకటి 16 చోట్ల జరిగింది, మరొకటి ఎంతో అనుభవమున్న ఒకే చోట. ప్రక్రియ తరవాత ఎన్ని గంటల్లో జరిగిన మరణాన్ని దాని ఖాతాలో వేశారన్నది కూడా చూడాలి. మొత్తం మీద ప్రమాదం తగ్గిందన్నది నిజమే. ఎంత తగ్గిందని ఒక్క అంకెలో చెప్పడానికి మాత్రం ఈ రెండు ఆధారాలు చాలవు. శిస్తు లెక్కలతో గాని, జనాభా లెక్కలతో గాని పనిచేసే చరిత్రకారుడు అడిగే ప్రశ్నలే ఇవి.

9. ఆలస్యంగా బయటపడే హాని

కొన్ని హానులు ప్రక్రియ గదిలో కనిపించవు. ఎక్స్-రే కిరణాల ప్రభావం అలాంటిది. ఎదిగే శరీరం కిరణాలకు ఎక్కువ సున్నితమైనది. పైగా బిడ్డ ముందు అరవై డెబ్బై ఏళ్ల జీవితం ఉంది కాబట్టి, క్యాన్సర్ వంటి ఆలస్యపు ఫలితాలు బయటపడటానికి కావలసినంత కాలం ఉంటుంది. గుండె లోపంతో పుట్టిన పిల్లలకు ఒకటికంటే ఎక్కువసార్లు ప్రక్రియ అవసరం కావచ్చు, కిరణాల మోతాదు కూడుతూ పోతుంది. తొలి దశాబ్దాల్లో ఈ లెక్క దాదాపు ఎవరూ రాయలేదు. అప్పట్లో బిడ్డ బతికితే చాలన్నదే లక్ష్యం. ఆ బిడ్డలు పెరిగి పెద్దయ్యాకే ఈ ప్రశ్న ముందుకొచ్చింది. ఒక రకంగా ఇది విజయం తెచ్చిన ప్రశ్న. పిల్లల చిత్రీకరణలో కిరణాలను తగ్గించాలని కోరుతూ 2008లో ఇమేజ్ జెంట్లీ అనే అంతర్జాతీయ ప్రచారం మొదలైంది. యంత్రాలు కిరణాలను నిరంతరంగా కాక విడతలుగా పంపేలా మారాయి.

హానిని నమోదు చేసే పద్ధతి కూడా పెరిగింది. అమెరికాలో 2011 నుంచి పుట్టుకతో వచ్చే గుండె లోపాల ప్రక్రియలకు ఒక జాతీయ నమోదు వ్యవస్థ నడుస్తోంది. ప్రక్రియలను ప్రమాద స్థాయినిబట్టి తరగతులుగా విభజించి, ఆసుపత్రులను న్యాయంగా పోల్చే పద్ధతులు వచ్చాయి. కష్టమైన కేసులు తీసుకునే ఆసుపత్రికి చెడ్డపేరు రాకుండా ఉండాలంటే ఇది అవసరం. లేకపోతే మంచి అంకెల కోసం ప్రమాదంలో ఉన్న బిడ్డను చేర్చుకోకుండా తిప్పి పంపే ప్రలోభం ఉంటుంది.

10. సమ్మతి ఎవరిది?

1950వ దశకంలో, పుట్టగానే రక్తప్రసరణలో వచ్చే మార్పులను తెలుసుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న నవజాత శిశువుల్లో కూడా క్యాథెటర్ పరిశోధనలు జరిగాయి. వాటివల్ల వచ్చిన జ్ఞానం తరవాత ఎందరో పిల్లలకు పనికొచ్చింది. కాని ఆ ప్రమాదాన్ని మోసిన బిడ్డలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి, 1964 నాటి హెల్సింకి ప్రకటన, 1966లో అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్ అనైతిక పరిశోధనల గురించి రాసిన వ్యాసం ఈ ఆలోచనను క్రమంగా మార్చాయి. ఇవాళ తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. కొంచెం పెద్ద పిల్లలైతే వారికి అర్థమయ్యే భాషలో చెప్పి వారి అంగీకారం కూడా తీసుకోవాలన్నది ఆదర్శం.

సంతకం ఒక్కటే సమ్మతి కాదు. ఏ వయసు, ఏ బరువు బిడ్డలకు సంబంధించిన లెక్క ఇది, ఈ ప్రక్రియ చేయకపోతే ఏమవుతుంది, ఇక్కడ ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికినప్పుడే అది సమ్మతి. ఈ ప్రశ్నలు వైద్యుణ్ణి అనుమానించడం కాదు. మనం ఇప్పటిదాకా చదివిన చరిత్ర నేర్పిన ప్రశ్నలే ఇవి.

11. మన దేశంలో, మన ప్రాంతంలో

భారతదేశానికి ఈ చరిత్రతో సూటిగా సంబంధం ఉంది. హెలెన్ టౌసిగ్ దగ్గర శిక్షణ పొందిన డాక్టర్ ఎస్. పద్మావతి 1954లో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో ఉత్తర భారతంలో తొలి క్యాథెటర్ ప్రయోగశాలను నెలకొల్పారు. మన దేశపు సమస్య కొంత వేరు. గొంతు ఇన్‌ఫెక్షన్‌తో మొదలై గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ వ్యాధి ఇక్కడ చిన్న వయసులోనే తీవ్రమవుతుంది. ఈ విషయాన్ని డాక్టర్ ఎస్. బి. రాయ్ బృందం 1963లోనే ప్రపంచం దృష్టికి తెచ్చింది. జేమ్స్ లాక్ అనే అమెరికన్ నిపుణుడు ఖలీలుల్లా, శ్రీవాస్తవ, బహల్ వంటి భారతీయ వైద్యులతో కలిసి, ఇక్కడి పిల్లల్లో, యువకుల్లో ఇరుకైన కవాటాన్ని బెలూన్‌తో తెరిచిన అనుభవాన్ని 1985లో ప్రచురించాడు.

తెలుగు నేల మీద ఈ ప్రక్రియ సామాన్యులకు అందడంలో ప్రభుత్వ పథకాల పాత్ర పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఖరీదైన గుండె చికిత్సలను పేద కుటుంబాల దగ్గరికి తెచ్చింది. 2013లో దేశవ్యాప్తంగా మొదలైన బాలల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి గుండె లోపాలను కూడా గుర్తిస్తుంది.

ఇక్కడ ప్రమాదానికి మరో ముఖం ఉంది. పాలు తాగేటప్పుడు ఆయాసం, నుదుటి మీద చెమట, బరువు పెరగకపోవడం వంటి గుర్తులను దిష్టి అనో, బలహీనత అనో నెలల తరబడి వదిలేస్తే, బిడ్డ న్యుమోనియాతో, పోషణలోపంతో ఆసుపత్రికి చేరుతుంది. అప్పుడు అదే వైద్యుడి చేతిలో, అదే పరికరంతో జరిగే ప్రక్రియ కూడా ఎక్కువ ప్రమాదకరమవుతుంది. చలిలో దూరప్రయాణం చేసి వచ్చిన నవజాత శిశువు ఒళ్లు చల్లబడి ఉంటే పరిస్థితి మరీ కష్టం. అంటే ప్రమాదం క్యాథెటర్ మొన దగ్గర మొదలవదు. ఊళ్లోని అంగన్‌వాడీ దగ్గర, అంబులెన్సు దగ్గర, రోడ్డు దగ్గర మొదలవుతుంది.

12. సారాంశం

క్యాథెటర్ చరిత్ర గుర్రంతో మొదలై, ఒక వైద్యుడి సొంత చేతి మీదుగా సాగి, నవజాత శిశువు వరకు వచ్చింది. శిశువుల్లో దాని ప్రమాదం తగ్గడానికి సన్నని గొట్టాలు, మంచి యంత్రాలు, కొత్త మందులు తోడ్పడ్డాయి. వాటితో సమానంగా తోడ్పడింది హానిని దాచకుండా రాసిపెట్టిన అలవాటు. ప్రమాదం అనేది పరికరానికి అతికించిన స్థిరమైన అంకె కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, దేనితో పోల్చి అన్న ప్రశ్నలతో కలిపి చదివితేనే దానికి అర్థం ఉంటుంది. ఈ పద్ధతి మీకు వైద్య చరిత్రలోనే కాక, అంకెలు చూపించే ఏ ఆధారాన్ని చదివేటప్పుడైనా పనికొస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. మూడు కిలోల శిశువులో ఉండే రక్త పరిమాణాన్ని లెక్కగట్టి, అది ప్రక్రియ ప్రమాదాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో వివరించండి.
2. 1966 నాటి బెలూన్ ప్రక్రియను ఆధారం చేసుకుని, ప్రమాదాన్ని ఎప్పుడూ పోల్చి చూడాలన్న వాదనను చర్చించండి.
3. 1968, 1998 అధ్యయనాల మరణాల రేట్లను నేరుగా పోల్చడంలో ఉన్న ఇబ్బందులేమిటి?
4. 1974 నాటి హెపారిన్ పరీక్ష, హానిని నమోదు చేయడం గురించి ఏం నేర్పుతుంది?
5. మీ ఊళ్లో లేదా మండలంలో పిల్లల గుండె లోపాలను గుర్తించడానికి ఉన్న ఏర్పాట్లను ఆశా కార్యకర్తను గాని, అంగన్‌వాడీ కార్యకర్తను గాని అడిగి తెలుసుకుని ఒక పేజీ నివేదిక రాయండి. కుటుంబాల పేర్లు, పిల్లల పేర్లు రాయకండి.